ఆముదం రాసిన గ్లవ్

మా వియ్యంకుడుగారు పోయారు. మంచు ఇంకా కరగని రోజుల్లో, అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా అబ్బాయి ఇంట్లోనే. పొద్దున కాఫీ అడిగారట. మా కోడలు, అంటే ఆయన కూతురు, కలుపుకుని వచ్చేసరికి కుర్చీలోనే ఒరిగి ఉన్నారు. కూతురు ఇచ్చిన కాఫీకి ఏదో ఒక వంక పెట్టకుండా ఏనాడూ తాగని మనిషి, ఆ వంక కూడా పెట్టకుండా వెళ్ళిపోయారు. నాతో చెప్పకుండా ఆయన చేసిన పని ఇదొక్కటే.

ఇద్దరు వియ్యంకులు ఒకే ఇంట్లో ఉండటం ఎంత ఇరకాటమో అనుభవించినవారికి తెలుస్తుంది. తమ్ముడైతే కసరవచ్చు. స్నేహితుడైతే మానుకోవచ్చు. పిల్లనిచ్చినవాడిని ఏమంటాం? 'అలాగే బావగారూ' అనటమే. నేను మాట తక్కువ మనిషిని, చదువు ఊరిబడితో సరి. ఆయన నోరు ఆగదు. స్నానాల గదికి ఆయనే ముందు. లోపల పాట మొదలుపెడితే అది పూర్తయ్యేదాకా బయటికి రారు.

పోయినేడు స్ప్రింగ్ బ్రేక్ సంగతి చెప్పాలి. మా మనవరాలు హైస్కూల్లో చేరిన ఏడు. సాఫ్ట్‌బాల్ టీమ్‌లో ఉండాలని దాని పంతం. తోలు గ్లవ్ తొడుక్కుని పెద్ద బంతి పట్టుకునే ఆట అది. సీజన్ మొదలుకాక ముందు, బడికి సెలవులిచ్చిన ఆ వారంలో ట్రైనింగ్ పెడతారు. ఆ వారం ఆట చూసి ఎవరిని టీమ్‌లో ఉంచుకోవాలో కోచ్ మేడం తేలుస్తుంది. తక్కిన ఇళ్ళవాళ్ళు ఫ్లోరిడా పోతే మా పిల్ల చలిలో మైదానానికి పోయింది.

అబ్బాయికీ కోడలికీ ఆఫీసు. బడి నడిచిపోయేంత దూరమే. వియ్యంకుడుగారు నా గది తలుపు కొట్టారు.

"లేవండి బావగారూ. ఇంట్లో కూర్చుంటే హీటరు ఒళ్ళు కాలుస్తుందిగానీ మనిషిని చెయ్యదు."

ఆ మైదానం పక్క ఇనుప మెట్ల మీద కూర్చుంటే చలి నడుందాకా ఎక్కుతుంది. ఆయనకు పట్టదు. పిల్లలు బంతి కొట్టి, బ్యాట్ కింద పడేసి పరిగెత్తుతుంటే ఆయన ప్రాణం కొట్టుకునేది. క్రికెట్‌లో ఎవరైనా బ్యాట్ వదులుతారా అని. "బ్యాటు, బ్యాటు" అని అరిచేవారు. పరిగెత్తే పిల్ల ఆగి చూసేది. మా మనవరాలు తల దించుకునేది. నేను పక్కకి జరిగి, ఈయనెవరో తెలియనట్టు కూర్చునేవాణ్ణి. ఇద్దరమూ ఒకే రంగు మంకీ క్యాప్‌లు పెట్టుకుని ఉంటే ఎవరు నమ్ముతారు?

కొత్త గ్లవ్ బిరుసుగా ఉంది, మూసుకోవటం లేదని పిల్ల ఒకరోజు సణుక్కుంది. ఆయనకు అది చాలు. మా వైపు కొత్త చెప్పులు కరిస్తే ఆముదం రాసి ఎండలో పెట్టేవాళ్ళం. చెప్పు తోలైతేనేం, ఇదైతేనేం అన్నారు. మోకాళ్ళకు రాసుకునే సీసా మొత్తం దానిమీద గుమ్మరించారు. ఎండ లేదు కాబట్టి, హాల్లో నేలలోంచి వేడిగాలి వచ్చే జాలీ మీద బోర్లించారు. వద్దంటే వినే మనిషా?

తెల్లారేసరికి ఇల్లంతా కంపు. గ్లవ్ నల్లబడి, బరువెక్కి, తడిసిన గోనెసంచిలా వేలాడుతోంది. అది ట్రైనింగ్ చివరి రోజు. పిల్ల దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"తాతయ్యా, ఇట్స్ రూయిన్డ్. కోచ్ డిసైడ్ చేసేది ఈ రోజే."

"ఆరితే వెన్నలాగుంటదమ్మా."

"ప్లీజ్, ఇంక నాకు హెల్ప్ చేయొద్దు."

కోడలు కిటికీలన్నీ తెరిచి, తండ్రి అని కూడా చూడకుండా అనవలసినవన్నీ అంది. పిల్ల ఎవరిదో గ్లవ్ అడిగి తీసుకుని ఆడింది. బంతులు జారిపోయాయి. టీమ్‌లో చోటు రాలేదు.

అక్కడితోనైనా ఊరుకోవాలా? ఆ గ్లవ్ పట్టుకుని నేరుగా కోచ్ మేడం దగ్గరికి నడిచారు, నన్నూ లాక్కుంటూ.

"మేడం, మిస్టేక్ మైన్. గర్ల్ నో మిస్టేక్. ఆయిల్ ఐ పుట్."

తప్పు నాది అని ఆయన ఏ భాషలోనైనా అనగా నేను విన్నది అదొక్కసారే. ఆమె గ్లవ్ వాసన చూసి, ముక్కు చిట్లించి, నవ్వేసింది. తప్పు గ్లవ్‌ది కాదు, బంతి వస్తుంటే పిల్ల కళ్ళు మూసుకుంటోంది అంది. వచ్చే ఏడు మళ్ళీ రమ్మంది. పిల్ల మాకంటే చాలా ముందు నడుస్తూ, వెనక్కి చూడకుండా ఇంటికి పోయింది.

నా అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. పిల్ల బడినుంచి రాగానే ఆయన బేస్‌మెంట్‌లో మేజోళ్ళు ఉండలు చుట్టి దాని మీదికి విసరటం. అవీ నా మేజోళ్ళే. ఆయనవి పాడైపోతాయట. "కళ్ళు మూస్తే బంతి ఆగుద్దా? నువ్వు చూస్తేనే అది నీ మాట వింటది" అనేవారు. మొదట్లో రానని మొండికేసిన పిల్ల, పోనుపోను తనే పిలవసాగింది. ఆ ధబధబలకు నా కునుకు పోయింది. ఏడాది పొడుగునా ఒక్క మేజోడుకూ జత కుదరలేదు.

ఈ ఏడు స్ప్రింగ్ బ్రేక్ వచ్చింది. తలుపు కొట్టేవారు లేరు. అయినా ముందే మెలకువ వచ్చి, క్యాప్ పెట్టుకుని కూర్చున్నాను. పోయినేడు ఆయన లాక్కెళ్ళకపోతే ఆ పిల్ల ఆట నేను చూసి ఉండేవాణ్ణే కాదు. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే వినటానికి ఆయన నోరు ఎప్పుడు ఆపారు గనక?

పిల్ల గ్యారేజీలోంచి ఆముదం గ్లవ్ తీసింది. కోడలు కొన్న కొత్తది బ్యాగులోనే ఉంచింది. పాతదానివల్ల ఆట బాగుపడిందని నేను అనను. చెయ్యి లాగుతోందని రోజూ సణిగింది. దూరం నాకు ఆనదు కాబట్టి దాని కళ్ళు తెరిచి ఉన్నాయో లేదో కనిపించలేదు. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు మాత్రం వినిపించింది. మళ్ళీ, మళ్ళీ.

చివరి రోజు మెట్ల దగ్గరికి వచ్చి, "టీమ్‌లో ఉన్నాను తాతయ్యా" అంది. నేను తల ఊపాను. ఆయనుంటే వీధంతా లేచేది.

ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా హాల్లోకి పోయి, గ్లవ్‌ను ఆ జాలీ మీద బోర్లించింది. హీటరు ఆన్ అయింది. ఆముదం కంపు మెల్లగా లేచింది. కోడలు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గిట్టదు. కిటికీ మాత్రం ఎవరమూ తీయలేదు.