పాట వెనక నడిచిన తొమి

మా నమితొరి రేవులో ఇసాకు అన్నయ్యను పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వలలు అల్లి బతికిన మనిషి. మాట తక్కువ. మంచు కురిసిన పొద్దున మా ఇంటి ముందు దారి ఎవరో శుభ్రం చేసి పోయి ఉంటే, అది ఆయనే అని నాకు తెలుసు. నాకు తెలిసిందని ఆయనకు తెలియకూడదని నేనూ ఊరుకుంటాను.

భార్య తొమి పోయి పన్నెండేళ్ళు. పిల్లల్లేరు. పొద్దున్నే బుద్ధుడి ముందు ఆమె పేర చిన్న గిన్నెలో అన్నం పెడతాడు. తర్వాత ఆ అన్నమే తను తింటాడు. వారమంతా ఆయన గొంతు ఎవరికీ వినపడదు. గురువారం మధ్యాహ్నం మాత్రం ఊరి సావడికి వచ్చి ఒక్క పాట పాడతాడు.

సావడి తాళాలు నా దగ్గరే ఉంటాయి. అక్కడ ఒక ప్లేయరుంది. పళ్ళెమంత పాత లేజర్ డిస్కూ, అరచేతిలో ఇమిడే డీవీడీ, రెండూ ఒకే సొరుగులో పెట్టి ఆడించొచ్చు. చిన్న బిళ్ళ వేసి ముసలాళ్ళం కసరత్తు చేస్తాం. పెద్దది వేస్తే వాద్యాలు మోగుతాయి, తెరమీద బొమ్మ కింద పాట అక్షరాలు వస్తాయి; అవి చూస్తూ కరోకే పాడతాం.

అన్నయ్యది ఎప్పుడూ ఒకే పాట, రేవులో విడిపోయిన జంట పాట. సావడి పెద్ద కజియమ మనవరాలి పెళ్ళివిందు సావడిలోనే జరిగితే, అక్కడా అదే అందుకున్నాడు. మా వైపు పెళ్ళిలో ‘తెగింది’ అన్న మాటే నోట రాకూడదు.

“ఏం మనిషివయ్యా! పిల్ల ఇంకా కాపురానికే పోలేదు, నువ్వప్పుడే విడగొట్టావు!” అని కజియమ కేకలేశాడు.

అన్నయ్య నేలకు తల ఆనించి క్షమించమన్నాడు. ఎందుకు పాడాడో మాత్రం చెప్పలేదు.

నాకు తెలుసు. ఆ పాట వెనక వచ్చే బొమ్మ తీసింది మా రేవులోనే. నటించాల్సిన అమ్మాయికి జ్వరమొస్తే, చేపలెండబెట్టే షెడ్డులో నా పక్కన పనిచేసే తొమికి తెల్లకోటు తొడిగి రేవు గట్టు మీద నడిపించారు. కోటు వదులైతే వెనక పిన్నీసులు పెట్టింది నేనే. రెండో చరణంలో ఆమె ఒకసారి వెనక్కి తిరుగుతుంది. అంతే. కదిలే తొమి ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

ఈ చలికాలం కజియమ చెప్పాడు: “టెలిఫోను తీగ మీద పాటలొచ్చే కొత్త యంత్రం వస్తోంది. పాతదీ, ఆ పళ్ళేలూ సోమవారం చెత్తబండికి.”

“అమ్మయ్య, ఆ ఏడుపు పాట పీడ విరగడైంది!” అని ఎవరో నవ్వారు.

అన్నయ్య కూడా నవ్వాడు. ఏమీ అడగలేదు. అడిగితే నలుగురికీ ఇబ్బంది అనుకునే మనిషి. బూట్లు వేసుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. ఒకరి గుట్టు బయటపెట్టడం పాపమే. అమిద బుద్ధుడికి దండం పెట్టుకుని, కజియమ ఇంటికి వెళ్ళి చెప్పేశాను. ఆయన కుంపట్లో బొగ్గులు సర్దుతూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున చూస్తే, చేపల పెట్టెలు లాగే తోపుడుబండి మీద దుప్పటి చుట్టిన ప్లేయరు, డిస్కులు పెట్టుకుని కజియమ అన్నయ్య ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఇదిగో ఇసాకూ, నాకో సాయం చెయ్యాలి. చెత్తబండివాడు ఇంత బరువు ఎత్తనన్నాడు. సావడిలో చోటు లేదు. మీ ఇంట్లో ఓ మూల పడి ఉండనీ.”

“నా దగ్గరా... మీకు అభ్యంతరం లేకపోతే...”

“అభ్యంతరం నీకుండాలి గానీ నాకెందుకు? దుమ్ము పట్టకుండా అప్పుడప్పుడు ఆడించు. పాడైతే నిన్నే అంటాను, ఆఁ!”

తొమి పేరు ఇద్దరూ ఎత్తలేదు.

వారం తర్వాత అన్నయ్య మా గుమ్మంలో నిలబడ్డాడు.

“మిత్సు చెల్లెమ్మా, నీకు ఆ పాట వచ్చా?”

“వినీ వినీ వచ్చేసింది. నా గొంతుకి పిల్లులు పారిపోతాయి అన్నయ్యా.”

“పర్లేదు. మా ఇంట్లో పిల్లి లేదు.”

వెళ్ళాను. టీవీ ముందు రెండు కూర్చునే మెత్తలు వేసి ఉన్నాయి. రెండోది పక్కింట్లో అడిగి తెచ్చాడట.

“నేను పాడితే కింద అక్షరాలు చూడాలి,” అన్నాడు. “ఇన్నేళ్ళూ అక్షరాలే చూశాను. పాడకుండా చూద్దామంటే, ఇల్లు మరీ బోసిగా ఉంది. నువ్వు పాడు. నేను చూస్తాను.”

శ్రుతి లేకుండానే పాడాను. రెండో చరణంలో తెల్లకోటు గట్టు మీదికి వచ్చింది. అన్నయ్య మోకాళ్ళ మీద చేతులుంచి ముందుకు వంగాడు. తొమి తిరిగింది. తర్వాత తెరమీద ఉత్త సముద్రమే. మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించి చివరిదాకా పాడాను.

ఆయన తెరవైపే చూస్తూ అన్నాడు:

“వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, చూశావా? చలేసింది దానికి. ఆ రోజు ఇంటికొచ్చి నాతో ఆ మాట అననే లేదు.”

“నాతోనూ అనలేదన్నయ్యా,” అన్నాను.