తరుగు అని వదిలేసిన లెక్క

మా ఫిజిక్స్ మాస్టారు పోయారు. పోయిన మంగళవారం, మూడో పీరియడ్‌కి గంట కొట్టబోతుండగా, నేను పాఠాలు చెప్పే చింతలపూడి హైస్కూలుకి ఆ ఉత్తరం వచ్చింది. చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని గుమ్మం బయటే చదివి చించెయ్యాలంటారు మా ఇళ్ళల్లో. నాకు చేతులు రాలేదు. తీసుకెళ్ళి నా నోట్సు పుస్తకంలో ఒక పోస్టుకార్డు పక్కన పెట్టాను. ఆ కార్డు మాస్టారిదే. వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదు.

అప్పట్నుంచి నాకు కుదురు లేదు. ఇది రాయడానికి కూర్చుని మూడుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్ళకి, ఒకసారి ఊరికే, ఒకసారి పోస్టుమేన్ వచ్చాడేమోనని. వస్తే మాత్రం ఏం తెస్తాడు?

నేను కాలేజీ వదిలి ఏడేళ్ళయినా ఆయన నెలకో కార్డు రాసేవారు. క్షేమం అడగరు, దీవెనలుండవు. ఒక లెక్క ఉంటుంది. కింద "ముందు అంచనా, తర్వాత లెక్క" అని ఉంటుంది. అంతే. నేను జవాబు రాస్తే, తప్పయితే వెంటనే కార్డు వచ్చేది. ఒప్పయితే వచ్చే నెల ఇంకో లెక్క వచ్చేది.

నూజివీడు కాలేజీలో చదివినవాళ్ళకి ఆయన్ని గురించి నేను చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. ముసునూరు నుంచి తోటల దారిలో సైకిలు మీద వచ్చేవారు. పూత రోజుల్లో భుజాల నిండా మామిడిపూత రాలి ఉండేది, దులుపుకోవాలన్న ధ్యాస కూడా ఉండేది కాదు. క్లాసులో ఒకచోట నిలబడితే ఒట్టు. బెంచీల మధ్య తిరుగుతూ, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, దాని కోసమే జేబులన్నీ వెతుక్కునేవారు. మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవారు.

పుస్తకంలో ఎలక్ట్రాన్ శక్తి ఎర్గుల్లో కనబడితే ఆయనకి ఒళ్ళు మండేది. "ఎలక్ట్రాన్ ఎంత, దాని శక్తెంత! దానికి ఎర్గులేంటర్రా? కందిగింజని బస్తాలు తూచే కాటా మీద పెడతామా? దాని కొలత దానికుంది. ఒక వోల్టు దాటిస్తే ఒక ఎలక్ట్రాన్ వోల్టు. దాటించండి, లెక్కపెట్టండి!" అనేవారు. ఎవరైనా ఉత్త అంకె చెబితే అక్కడికక్కడే ఆగిపోయేవారు. "ఇరవై అంటే? కాయలా, గంపలా? యూనిట్ ఏది?"

నేను ఆ క్లాసులో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో ఒకదాన్ని. మాది మామిడికాయల వ్యాపారం. అర్ధ సంవత్సరం పరీక్షలో హీలియం కేంద్రకం లెక్క వచ్చింది. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు విడివిడిగా కూడితే ఒక బరువు, అవే నాలుగూ కలిసి కేంద్రకమైతే ఇంకో బరువు. తేడా పాయింట్ సున్నా మూడు యూనిట్లు. దాన్నిబట్టి శక్తి కట్టాలి. నేనేం చేశానో తెలుసా? మా కొట్లో ఎక్కించిన కాయలకీ దిగిన కాయలకీ ఏనాడూ లెక్క సరిపోదు. "తరుగు" అని ఒక్క మాట అనేస్తే ఇక ఎవరూ మాట్లాడరు. నేనూ అదే రాశాను. తేడా స్వల్పం, వదిలేయవచ్చు, శక్తి సున్నా. ఆ మార్కులు పోయి పేపరు తప్పాను.

"తప్పిన పిల్లకి కాలేజీ ఎందుకు, మానిపించేస్తున్నా" అన్నారు నాన్న. అన్నారంటే చేస్తారు. మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. నా ప్రాణం పోయినంత పనైంది.

నాలుగో రోజు సాయంత్రం మాస్టారు సైకిలు మా కొట్టు ముందు ఆపారు. నన్ను పిలవమన్నారు. లోపల కొత్త గంపలు అల్లిస్తున్నారు. నాన్న కుర్చీ వేయించారు. ఆయన కూర్చోలేదు, గంపల మధ్య నడుస్తూనే అడిగారు.

"ఎక్కించిన కాయలు దిగేచోట తగ్గితే ఏం చేస్తారండీ? తరుగని వదిలేస్తారా?"

"వదిలేస్తే ఇంకేమన్నా ఉందా అండీ! పైకి తరుగనే అంటాం. ఎక్కడ పోయాయో తేలేదాకా నాకు అన్నం సహించదు."

"మీ అమ్మాయి వదిలేసిందండీ."

నాన్న నావైపు తిరిగారు. పరీక్ష తప్పానన్నప్పుడు కూడా అంత కోపంగా చూడలేదు. "వదిలేశావా? నా కడుపున పుట్టి?"

నాన్న మాస్టారినే అడిగారు. "ఇంతకీ ఎక్కడికి పోయిందండీ అది?"

"ఆ నాలుగూ ఒకచోట చేరేటప్పుడు శక్తిగా బయటికి పోయిందండీ. మళ్ళీ విడదీయాలంటే అంతా తిరిగి పెట్టాల్సిందే. అందుకే అవి విడిపోవు." మాస్టారు నావైపు తిరిగారు. "మీ నాన్నగారు పూత చూసి కాపు చెబుతారు. నువ్వు లెక్క చూసి చెప్పలేవా? ఊఁ, అంచనా!"

ఒక యూనిట్ బరువుకి శక్తి తొమ్మిది వందల ముప్పై ఒకటి. అందులో వందకి మూడు వంతులు. "ముప్పైకి కాస్త లోపు" అన్నాను.

"ముప్పై ఏంటి?"

"మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులండీ."

నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మర్నాడు పొద్దున్నే "కాలేజీకి టైమవడం లేదూ?" అని నన్నే కసిరారు. ఇవాళ నేను నాలుగక్షరాలు పిల్లలకి చెబుతున్నానంటే ఆ సాయంత్రం వల్లనే.

ఇక ఆ చివరి కార్డు. "ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ ఎదురుపడ్డాయి. రెండూ మాయమయ్యాయి. ఏం మిగిలింది? ముందు అంచనా, తర్వాత లెక్క." చదవగానే జవాబు తట్టింది. ఒక్క నిమిషం పని. పేపర్లు దిద్దడం అయ్యాక శుభ్రంగా, మెట్లన్నీ వేసి రాద్దామనుకున్నాను. బుద్ధి ఉండాలి నాకు.

ఆదివారం ముసునూరు వెళ్ళాను. మాస్టారి కోసం ఇంట్లో పెట్టిన ప్రార్థన అయిపోయి జనం వెళ్ళిపోయారు. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, నన్ను ఆయన బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

"రోజూ పోస్టు వేళకి వాకిట్లోకి వచ్చి నిలబడేవారమ్మా. 'ఆ అమ్మాయి ఇంకా రాయలేదేంటి, ఒంట్లో బాగాలేదా' అని. నేనే కసిరేదాన్ని, దానికి పనులుండవా, వచ్చి కూర్చోండి అని. కూర్చుంటేగా!"

గోడకి ఉత్తరాలు గుచ్చే తీగ వేలాడుతోంది. దాని నిండా నా కార్డులే, ఏడేళ్ళవి. సంచీలోంచి ఒక కార్డు తీసి ఆయన పేరే రాశాను. మెట్లేమీ వెయ్యలేదు. రాస్తూ ఆవిడకి వినబడేలా చదివాను.

"ఏమీ పోలేదండీ. రెండూ కనబడకుండా పోయినా, వాటి బరువంతా రెండు కిరణాలై చెరోవైపుకి వెళ్ళిపోతుంది. రవ్వంత కూడా తరుగు లేదు. మొత్తం ఒకటి పాయింట్ సున్నా రెండు."

అమ్మగారు చదువుకున్నది ఐదో తరగతి. ఇంటికొచ్చే పిల్లలకి ఆయన చెప్పే పాఠాలు ముప్పై ఏళ్ళు వంటింట్లోంచి విన్నారు. తీగ అందుకోబోయినావిడ చెయ్యి ఆపి నావైపు చూశారు.

"యూనిట్ చెప్పలేదేమ్మా?"

మంగళవారం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు అని రాశాను. ఆవిడ కార్డు మీది తడి తుడిచి, తీగకి గుచ్చి వదిలారు. నేను గుమ్మం దాటేదాకా తీగ ఊగుతూనే ఉంది.