దేవదానం మేస్టారి ఆకురాయి

మా పక్క ఫ్లాటు వాళ్లు తలుపులు మార్పిస్తున్నారు. వారం రోజులుగా వడ్రంగులు వరండాలోనే కూర్చుని టేకు పలకలు చిత్రిక పడుతున్నారు. నిన్న ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు తలుపు తీయగానే ఆ టేకు పొడి వాసన ముక్కుకు తగిలింది. కొంచెం ఘాటుగా, కొంచెం నూనె నూనెగా ఉండే వాసన. నా కుడి అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది. "డస్టు ఎక్కువైపోయిందండీ, సారీ" అంది పక్కింటావిడ. "ఫరవాలేదండీ, ఇంకో వారం చేయించుకోండి" అన్నాను. ఎత్తిపొడుస్తున్నాననుకుందో ఏమో, మొహం చిన్నబుచ్చుకుంది. ఆ వాసన నాకు దేవదానం మేస్టారి వాసన అని ఆవిడకు ఎలా చెప్పను?

మేస్టారంటే బళ్లో పాఠాలు చెప్పినాయన కాదు. ఒక ఫౌండ్రీలో చెక్క అచ్చులు చేసి చేసి రిటైరైన మనిషి. కరిగిన ఇనుము పోసే ముందు ఇసుకలో ఏ ఆకారం దిగాలో, ఆ ఆకారాన్ని ముందుగా టేకులో చెక్కడం ఆయన పని. వయసులో ఉన్నప్పుడు సరదాకు నేర్చుకున్న పిస్తోలు షూటింగు రిటైరయ్యాక పూర్తిగా పట్టుకుంది. కొండ వారన ఉన్న మా రైఫిల్ క్లబ్బులో జీతం లేని కోచ్ ఆయన. వారమంతా ఏడింటికల్లా వచ్చేసేవారు, ఆదివారం మాత్రం చర్చి అయ్యాక, ఇస్త్రీ చొక్కాతోనే. భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది. అందులో ఆకురాయి, చిన్న సుత్తి, రెండు మేకులు, బట్టలకు పెట్టే నీలిమందు పొట్లం.

నేను ఆ క్లబ్బులో చేరేనాటికి నాకు ఇరవయ్యారేళ్లు. పోర్టులో సరుకులు క్లియర్ చేసే ఏజెంటు దగ్గర గుమాస్తాని. అంతకు రెండేళ్ల ముందు వానలో స్కూటీ జారి కుడి మణికట్టు విరిగింది. అతికింది గానీ బరువంటే భయం మిగిలింది. క్లబ్బులో పాయింట్ టూటూ పిస్తోళ్లు రెండుండేవి. ఒకటి ఉక్కుది, బరువైనది, దాని కోసం అందరూ వంతులు కాసేవారు. రెండోది అల్యూమినియం ఒంటితో తేలిగ్గా ఉండేది, పేల్చినప్పుడు చేతిలో ఎగిరిపడేది. దాన్ని బొమ్మ తుపాకీ అనేవారు. మేస్టారు మొదటిరోజే దాన్ని నా చేతిలో పెట్టారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నాకెందుకు మేస్టారూ ఈ బొమ్మ?" అన్నాను.

"బొమ్మో గిమ్మో, నీ సెయ్యి మొయ్యగలదా నేదా, అదీ సూడు. ఆ పెద్దది ఎత్తేవంటే పదో గుండుకే మణికట్టు వణుకుతాది. దీన్ని నీకు నాను కుదురుస్తాను కదేటి."

కుదర్చడమంటే రెండేళ్ల పని అని నాకప్పుడు తెలియదు. పిస్తోలు క్లబ్బుది కాబట్టి దాని పిడి విప్పి పక్కన పెట్టి, నాకోసం వేరే టేకు పిడి చేశారు. ఒక్క స్క్రూ తిప్పితే నా పిడి ఎక్కేది, ఇంకోసారి తిప్పితే దిగేది. ఆ పిడి మీద నీలిమందు రాసి నన్ను పట్టుకోమనేవారు. చెయ్యి విప్పితే ఎక్కడ నీలం అంటిందో అక్కడ చెక్క నొక్కుతున్నట్టు. ఎక్కడ అంటలేదో అక్కడ ఖాళీ. నొక్కిన చోట ఆకురాయితో గీకడం, ఖాళీగా ఉన్నచోట టేకు పొడి, జిగురు కలిపి పూయడం. పైగా నేను నలభై గుళ్లు పేల్చేదాకా ఆ ఆకురాయి సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. ఇనుము చల్లారితే ముడుచుకుంటుందని అచ్చును ఒక పిసరు పెద్దది చేసే అలవాటు ఆయనది, చేతికీ అదే లెక్క వేసేవారు. "పొద్దున్న సెయ్యి ఏరు, ఎండెక్కాక సెయ్యి ఏరు. పొద్దున్న సెయ్యికి సేసిన పిడి పదకొండింటికి కరుస్తాది" అనేవారు.

నాకేమో ఓపిక తక్కువ. గొట్టానికి బరువు బిళ్ల తగిలిస్తే ఎగరడం తగ్గుతుందని తోటివాళ్లు చెప్పారు. ట్రిగ్గరు స్ప్రింగు మార్చమని ఒకరు, గురి చూసే వెనక సైటు మార్చమని ఇంకొకరు. అన్నీ ఒకేసారి చేసేద్దామని ఆయన వెంటపడ్డాను.

"బరువేస్తే తుపాకీ నిలుస్తాది, నీ మణికట్టు నిలవదు," అన్నారు తల ఎత్తకుండానే. "ముందు పిడి. పిడి కుదిరేక ట్రిగ్గరు. అది కుదిరేక సైటు. రెండు ఒకేపాలి మార్సేవంటే ఏది బాగుసేసిందో, ఏది సెడగొట్టిందో ఆ పెబువుక్కూడా తెల్దు."

అలా నెలల తరబడి ఒక్కొక్కటే. పిడి కుదిరాక ట్రిగ్గరు వెనక ఆపుడు స్క్రూ సరిచేశాం, లాగిన వేలు అక్కర్లేని దూరం పోకుండా. ఆ తరవాత సైటు గాడి కొంచెం వెడల్పు చేశాం. బొమ్మ తుపాకీ ఎగరడం మానలేదు గానీ, ఎగిరి మళ్లీ ఉన్నచోటికే వచ్చి కూర్చోవడం నేర్చుకుంది. నా గుళ్లు తొమ్మిది, పది మార్కుల వలయాల్లో పడడం మొదలైంది.

ఆ ఏడు రాష్ట్రస్థాయి పోటీలు మా క్లబ్బులోనే పెట్టారు. నాకు అదే ఆఖరి అవకాశం. మా మేనేజరు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు ఆలస్యంగా రానిచ్చాడు. ఈసారి రాష్ట్ర జట్టులోకి వస్తే సరే, లేకపోతే తొమ్మిదింటికల్లా సీట్లో ఉండాలన్నాడు. తొమ్మిదింటికి సీట్లో ఉండడమంటే షూటింగు మానుకోవడమే. జట్టులో నాలుగు చోట్లు. అంతకు ముందు ఏడు నేను ఆరోదాన్ని.

అలాంటప్పుడు బుద్ధున్న మనిషి ఎవరైనా తుపాకీ జోలికి పోతారా? నేను పోయాను. నా పిడి చూడ్డానికి ఘోరంగా ఉండేది. ఎక్కడికక్కడ జిగురు అతుకులు, చెయ్యి జారకుండా మేస్టారు మేకుతో కొట్టిన వందలకొద్దీ చుక్కలు. పనసకాయ అని ఏడిపించేవాళ్లు. వేరే ఊళ్ల వాళ్లంతా విదేశీ పిస్తోళ్లతో దిగుతుంటే నాకు సిగ్గేసింది. పోటీల ఏర్పాట్లకని క్లబ్బు రెండు రోజులు మూస్తారనగా పిడి విప్పి తెచ్చుకుని పూర్ణా మార్కెట్ వెనక సందులో ఫర్నిచరు పాలిష్ చేసే ఆయనకిచ్చాను. ఆయన ఎంతో శ్రద్ధగా గరుకుకాగితం పట్టి, చుక్కలన్నీ చదును చేసి, మూడు పూతలు వార్నిష్ కొట్టాడు. అద్దంలా మెరిసింది. మురిసిపోయాను.

పోటీరోజు పొద్దున, ఏప్రిల్ ఉక్కలో, ఆ పిడి బిగించి చెయ్యి చాచాను. తడి సబ్బులా అరచేతిలో తిరిగిపోయింది. తుడుచుకుని మళ్లీ ఎత్తాను. మళ్లీ తిరిగింది. పదింటికి తనిఖీ కౌంటరు మూసేస్తారు. అక్కడ స్టిక్కరు పడ్డాక తుపాకీని ముట్టుకోవడానికి వీల్లేదు. అప్పుడు టైము తొమ్మిదీ పావు.

టార్గెట్ కాగితాలు బిగిస్తున్న మేస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పిడిని అటూ ఇటూ తిప్పి చూశారు. "మెరుత్తంది" అన్నారు అంతే. ఆ ఒక్కమాటకు నేల చీలితే బాగుండుననిపించింది. సంచి తెరిచారు. హమ్మయ్య అనుకున్నాను. ఆకురాయి తీసి నా చేతిలో పెట్టారు.

"నాకెందుకు? మీరు చెయ్యండి మేస్టారూ, టైము లేదు!"

"నానేటి సేత్తాను? నీ సెయ్యి నాకేటి తెలుసు?"

"రెండేళ్లుగా మీరే కదా చేస్తున్నారు!"

"రెండేళ్లుగా నువ్వు సెప్తన్నావు, నాను గీకుతన్నాను. ఇక్కడ నొక్కుతంది, అక్కడ కదుల్తందని సెప్పిందెవులు? ఇయ్యాల నీకూ పిడికీ మద్దిన నానెందుకు?"

అని స్టూలు మీద కూర్చుని నాకు వీపు తిప్పేశారు. ఒళ్లు మండిపోయింది. పెద్దాయన కాబట్టి నోరు మూసుకున్నాను గానీ మనసులో తిట్టని తిట్టు లేదు. ఆ కోపంతోనే వార్నిష్ మీద ఆకురాయి వేశాను. పెచ్చులు రాలాయి, కింద నుంచి టేకు బయటపడింది. "ఇంత చాలా మేస్టారూ?" అని అడిగాను. "నాకు అవపడ్డం నేదు" అన్నారు అటు తిరిగే. మళ్లీ అడిగాను, అదే జవాబు. మూడోసారి అడగలేదు. నీలిమందు రాసి పట్టుకుని చూసుకున్నాను. చిటికెనవేలి కింద చిన్న బొడిపె ఒకటి తగిలింది. అది మొదటినుంచీ ఉన్నదే, అంత చిన్నదానికి ఆయన్నేం ఇబ్బంది పెడతాంలే అని ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని కూడా గీకేశాను. మేకు పెట్టి చుక్కలు కొట్టాను. నావి వంకరటింకర చుక్కలు. చెయ్యి చాచాను. పిస్తోలు కదల్లేదు.

పదికి ఐదు నిమిషాలుండగా కౌంటరుకు చేరాను. అక్కడి ఆఫీసరు పచ్చి చెక్క చూసి ముక్కు విరిచాడు. ట్రిగ్గరుకు కిలో బరువు తగిలించి ఎత్తాడు, నిలిచింది. పెట్టెలో పెట్టి కొలిచాడు, పట్టింది. స్టిక్కరేశాడు. మొదటి ఐదు గుళ్లలో రెండు ఎనిమిదిలో పడ్డాయి. అప్పటికి కోపం ఇంకా చల్లారలేదు. రెండో ఐదు గుళ్ల నుంచి కోపమూ లేదు, మేస్టారూ లేరు, నా చెయ్యి, గొట్టం చివరి గురిగుర్తు, అంతే. సాయంత్రం బోర్డు మీద నా పేరు నాలుగోది. జట్టులో చివరి చోటు నాది.

తరవాత జాతీయ పోటీలకు ఉత్తరాదికి వెళ్లాను. అక్కడ పక్క లేనులో ఒకామె, పెద్ద ఖరీదైన పిస్తోలు మనిషి, నా పిడిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఎవరు చేశారని హిందీలో అడిగింది. "నేనే" అన్నాను. అనేశాక ఏం చేశానో తెలిసింది. రెండేళ్లు గీకిన మనిషిని ఒక్క మాటలో తీసి పక్కన పెట్టేశాను కదా! రాత్రిదాకా ఆగలేక బయటికొచ్చి ఫోన్ చేశాను.

"మేస్టారూ, తప్పయిపోయింది. పిడి ఎవరు చేశారంటే నేనే అన్నాను. మీ పేరు చెప్పలేదు."

ఆయన ఫోను పక్కకు పెట్టి, భార్యకు వేసిన కేక నాకు వినబడింది. "ఏమే, ఇన్నావేటి! ఈ పిల్ల నా పేరు సెప్పనేదట!" ఆ గొంతులో సంబరం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

మేస్టారు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆ క్లబ్బులో ఆడపిల్లలకు పిడులు కుదిర్చేది నేను. ఎక్కడ నొక్కుతోందో చెప్పమని విసిగిస్తాను, వాళ్లు నన్ను మనసులో తిట్టుకోవడం మొహాల్లో తెలుస్తూనే ఉంటుంది. పోయిన నెల ఒకమ్మాయి పోటీకి వెళ్లొచ్చింది. నీ పిడి ఎవరు చేశారని ఎవరో అడిగితే, నేనే చేసుకున్నానని గొప్పగా చెప్పిందట. నా ఊసే ఎత్తలేదట. ఇంటికి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా మా ఆయన్ని కేకేసి చెప్పాను.