పదకొండా, పదిహేనా

మా తమ్ముణ్ణి ఎవరైనా ఒక్క మాట తక్కువ చేసి అంటే నేను ఒంటికాలి మీద లేస్తాను. నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఇది తగదని ఇంట్లో అందరూ చెప్పి చూశారు. వాడికీ నాకూ పద్నాలుగేళ్ల తేడా. చంకనేసుకుని తిరిగిన పిల్లాడు పెరిగి పెరిగి ఆరడుగుల నాలుగంగుళాల దగ్గర ఆగాడు. మారేడ్‌పల్లిలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. పదహారేళ్లుగా అక్కడ జట్టుకు వాడే సెంటర్, అంటే రింగు కింద నిలబడి బంతి కోసం కొట్లాడే పొడుగు మనిషి. వాడికి ఉద్యోగం వచ్చింది కూడా ఆ ఆట వల్లే. సికింద్రాబాదులో బంతి పట్టుకున్న ఎవరినడిగినా వాడి పేరు చెబుతారు.

వాడు ఆడితే లెక్క రాసేది నేను. స్కూల్లో లెక్కల టీచర్ని కనక మొదట ఒక మ్యాచికి స్కోరు రాయమని కూర్చోబెట్టారు, ఆ తర్వాత లేవనివ్వలేదు. ఎవరు బంతి వేస్తే వాళ్ల నంబరు రాయాలి, ఎవరు ఫౌల్ చేస్తే వాళ్ల గడిలో గుర్తు పెట్టాలి. మా తమ్ముడి నంబరు పదకొండు. ఆదివారం ఆరాధన కాగానే చర్చి నుంచి పట్టుచీరతోనే వెళ్లి ఆ బల్ల ముందు కూర్చున్న రోజులు ఎన్నో. ఆ షీట్ల నకళ్లన్నీ మా బీరువా అడుగు అరలో కట్టలు కట్టి ఉన్నాయి. వాటి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వను.

రెండేళ్ల కిందట అదే జట్టులోకి ఇంకో పొడుగు కుర్రాడు వచ్చాడు. రెజిమెంటల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ల అబ్బాయి. ఇప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు, నంబరు పదిహేను, మా తమ్ముడికన్నా రెండంగుళాలు ఎక్కువే. వచ్చిన కొత్తలో కాళ్లూ చేతులూ వాడి మాట వినేవి కావు. పరిగెత్తి ఆగలేక నా బల్లను గుద్ది, షీటు మీద టీ ఒలకబోశాడు. సారీ ఆంటీ అంటూ జేబురుమాలుతో తుడవబోయి సిరా అంతా పులిమాడు. నేను తిట్టిన తిట్లకు ఆ తర్వాత నెల రోజులు వాడు నా బల్ల వైపే రాలేదు. వాడంటే నాకు చిరాకు పుట్టింది ఆ టీ వల్లే అని అందరికీ చెప్పాను కానీ అది అబద్ధం. జనం వాణ్ణి మా తమ్ముడితో పోల్చడం మొదలుపెట్టారు, అందుకు.

కోర్టు పక్క సిమెంటు మెట్ల మీద రోజూ పొద్దున పాత ఆటగాళ్లు చేరతారు. పొట్టలు వచ్చినవాళ్లు, నడవడానికని బయల్దేరి అక్కడే కూర్చుండిపోయేవాళ్లు. ఫ్లాస్కులో చాయ్ తెచ్చుకుని ఈ ఇద్దరినీ తూకం వేస్తుంటారు. ఒకాయన కుర్రాడి అరచేతులు పెద్దవంటారు, ఇంకొకాయన భుజబలంలో మా వాడే మేలంటారు. మూడో ఆయన మాత్రం, ఇంకో రెండేళ్లు ఆగండి, వీడు అతణ్ణి మరిపిస్తాడు అన్నారు. ఆ మూడో ఆయనతో నేను పది రోజులు మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ భర్తతో పది రోజులు మాట్లాడకుండా ఉండటం తేలికేం కాదు.

మాటలతో తేలదని బీరువా తెరిచాను. మా తమ్ముడికి పంతొమ్మిదేళ్లప్పటి షీట్లు పది తీశాను. ఈ కుర్రాడు ఈ ఏడాది ఆడినవి పది తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి కూడితే మా వాడివి దాదాపు రెట్టింపు వచ్చాయి. ఆ కూడికను తెల్లకాగితం మీద ఎర్రసిరాతో గీతలు కొట్టి మరీ రాసి, మర్నాడు మెట్ల మీద అందరికీ చూపించాను. లెక్కల టీచరు వేసిన కూడికకు ఎవరు అడ్డు చెబుతారు? మా ఆయన కూడా చాయ్ ఊదుకుంటూ తలూపారు. ఆ రోజంతా నేను మహా హుషారుగా ఉన్నాను.

ఆ కాగితం సంగతి రెజిమెంటల్ బజారు దాకా పోతుందని అనుకోలేదు. వేసవి టోర్నమెంటు ఫైనల్ రోజు సాయంత్రం కుర్రాడి నాన్న దుకాణం మూసి మొదటిసారి కోర్టుకు వచ్చారు. సన్నగా, నా భుజం దాకా ఉన్నారు. నమస్కారం పెట్టి, నా బల్ల పక్కనే నిలబడి తన గోడు చెప్పుకున్నారు. ఒక్కడే కొడుకు. తనకు నడుం పట్టేసి బరువులు ఎత్తలేకపోతున్నారు. వేరే ఊళ్లో ఒక అకాడమీ వాళ్లు అబ్బాయిని రెండేళ్లు అక్కడే ఉండి ఆడమని పిలిచారు. వస్తాడో రాడో రేపటికల్లా చెప్పాలట.

"టీచరమ్మా, నాకు ఆట తెల్వదు, మీకు లెక్క తెలుసు" అన్నారు. "మావోడు మీ తమ్మునంతోడు అయితడా? అయితడంటే పంపిస్త. కాదంటే దుకాణంల కూసోబెడ్త. జెర సాఫ్ చెప్పుండ్రి, ఏమనుకోను."

మ్యాచి అయ్యాక చెబుతానన్నాను. జవాబు నా దగ్గర అప్పటికే తయారుగా ఉంది, కాడు అని. అవతల వార్మప్ చేస్తున్న కుర్రాడు బంతి మీద చూపు పెట్టలేక మాటిమాటికీ మా వైపే చూస్తున్నాడు. వాడి మొహం చూస్తే నాకు జాలేసింది. అయినా కాగితం మీద ఉన్నది నేను మార్చలేను కదా అని సర్దిచెప్పుకున్నాను.

రాంగోపాల్‌పేట్ జట్టుతో ఆట. అంత మంచి మ్యాచి నేను చాలా ఏళ్లుగా చూడలేదు. చుట్టుపక్కల మేడల మీద కూడా జనం ఉన్నారు. పిల్లలు ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి వాయించారు. ఐస్ గోలా బండి అతను బేరం వదిలేసి బండి ఎక్కి నిలబడ్డాడు. మనవాళ్లు మూడు భాగాలు వెనకబడే ఆడి, నాలుగో దాంట్లో లాక్కొచ్చారు. ఇంకా ఆరు సెకన్లు ఉన్నాయనగా అరవైకి యాభై తొమ్మిది, ఒక్క పాయింటు తక్కువ. ఎవరో వేసిన బంతి రింగుకు తగిలి పైకి లేచింది. కింద అరడజను చేతులు లేచాయి. వాటన్నిటికన్నా పైకి ఒక చెయ్యి వెళ్లి బంతిని మెల్లిగా లోపలికి తట్టింది. నేను కుర్చీలోంచి లేచి గొంతు చించుకుని అరుస్తూనే, చూడకుండా పదకొండు అని రాసేశాను.

గెలిచాం. డబ్బాల మోత ఆగలేదు. మా ఆయన మెట్లు దిగి వచ్చి పక్కవాళ్లతో కలిసి ఎగిరారు. షీటు మీద రెఫరీ సంతకం ఒకటి మిగిలింది. ఆ సంతకం పడేదాకా స్కోరులో తప్పులుంటే దిద్దవచ్చు. పడిందంటే ఇక అంతే. ఆయన పెన్ను మూత తీస్తుండగా మా తమ్ముడు చెమటలు కారుతూ వచ్చి నా భుజం మీంచి షీటులోకి తొంగి చూశాడు. వాడు ఎప్పుడూ షీటు చూసేవాడు కాదు. చివరి అంకె మీద వేలు పెట్టి, అది తనది కాదు, కుర్రాడిది అన్నాడు.

నేను ఊరుకుంటానా. నా కళ్లతో చూశానన్నాను. పదహారేళ్లుగా చూస్తున్న చెయ్యి నాకు తెలీదా అని గొంతు కూడా పెంచాను.

"నేను ఎగరనే లేదక్కా" అన్నాడు నవ్వుతూ. "మోకాలు బాలేదు. క్రిస్మస్ నుంచి నేను ఎగరడం మానేశా. నేను కింద నిలబడి అవతలోళ్లని ఆపుతా, వాడు ఎగిరి వేస్తాడు. మేమిద్దరం అనుకునే ఆడుతున్నాం. నీకు తెలుసనుకున్నా."

నేను రెఫరీ వైపు చూశాను. పదిహేనో నంబరే మేడమ్ అన్నారాయన. రింగు దగ్గర గుంపులోంచి పొడుగు చెయ్యి లేస్తే నా పెన్ను దానంతట అదే పదకొండు రాస్తోంది. ఈ ఒక్కసారే ఇలా జరిగిందని ఎలా చెప్పను? నేను ఎర్రసిరాతో కూడి ఊరంతా చూపించిన ఆ కుర్రాడి పది షీట్లూ క్రిస్మస్ తర్వాతివే. కుర్రాణ్ణి పిలిచి, నీ బంతులు నేను తప్పు రాస్తున్నానని నీకు తెలుసా అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు.

"తెలుసాంటీ. కానీ అన్నకే కదా పోయినయ్. మీకు చెప్పాలంటే సుత భయం" అన్నాడు.

మా తమ్ముడు పడీ పడీ నవ్వాడు, రెఫరీ కూడా నవ్వారు. ఆఖరికి నాకూ నవ్వాగలేదు. పదకొండు కొట్టేసి పదిహేను రాశాను. రెఫరీ సంతకం పెట్టారు.

కుర్రాడి నాన్న చేతులు కట్టుకుని అక్కడే ఉన్నారు. ఆయన దగ్గరికి వెళ్లి, నా లెక్క తప్పు అని చెప్పాను. పాతికేళ్ల సర్వీసులో ఏ తల్లికీ తండ్రికీ ఆ మాట చెప్పి ఎరగను. మీ వాడు వేసినవి మా వాడి పేర రాశాను, ఎన్నో నాకే తెలీదు, ఆ కాగితం చించేస్తాను అన్నాను. ఆయనకు సగం అర్థమైంది, సగం కాలేదు. మళ్లీ అదే అడిగారు, అయితడా కాడా అని.

"మా తమ్ముణ్ణి దాటిపోతాడు" అన్నాను. "పంపించండి."

ఆ మాట నా నోటితో అంటే గుండె ముక్కలవుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. తీరా అంటే ఎంత తేలికగా, ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. కుర్రాడు మా తమ్ముణ్ణి నడుం పట్టుకుని గాల్లోకి ఎత్తేశాడు. ఆరడుగుల నాలుగంగుళాల మా వాడు గాల్లో కాళ్లు కొట్టుకుంటూ, దించరా, దించరా అని అరుస్తుంటే కోర్టు కోర్టంతా నవ్వింది.

దించాక వాడు ఒక కాలి మీద బరువు మోపకుండా నిలబడటం చూశాను. తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టి, నేల మీద కూర్చుని, ఏ మోకాలురా అని అడిగాను. ఎడమది అన్నాడు. బూటు లేసు విప్పి, మోకాలు దాటిన పొడుగు మేజోడు కిందికి లాగి చూస్తే మోకాలు ఇంత లావున వాచి ఉంది. అయిదు నెలలుగా వాడి ప్రతి ఆటకీ అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా దగ్గరగా కూర్చున్నదాన్ని నేనే.