ఫ్లోరెన్స్ రాసిన ఒక్క పేజీ

రొట్టెల దుకాణం దగ్గర ఫ్లోరెన్స్ గెలిచిన తగాదాను సూరాయమ్మ కళ్ళారా చూసింది. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. ఫర్వానియాలో ఖుబ్బూస్ రొట్టెల కోసం జనం పొద్దున్నే బారులు తీరేవారు. మనిషికి ఒక్క సంచే అని దుకాణదారు నియమం పెట్టాడు. ఫ్లోరెన్స్ మాత్రం రెండు అడిగింది. ఇంట్లో యజమానురాలు పక్షవాతంతో మంచాన ఉందని, ఆమె వాటా కూడా ఇమ్మని అంది.

"మనిషి ఎదురుగా ఉంటేనే సంచి. పో, తీసుకురా" అన్నాడు వాడు అరబ్బీలో.

సూరాయమ్మే గనక ఆ పిల్ల చోట ఉంటే వాడి తాతముత్తాతలను కూడా వీధిలోకి ఈడ్చి కడిగేసేది. ఫ్లోరెన్స్ గొంతైనా పెంచలేదు. "అలాగే తెస్తాను. మంచం తల వైపు నేను పట్టుకుంటా, కాళ్ళ వైపు నువ్వు పట్టుకో. యల్లా, బయటికి రా" అని అరబ్బీలోనే చెప్పి, కొంగు నడుముకు దోపి, నిజంగానే వాడు వస్తాడన్నట్టు నిలబడింది. వరుసంతా ఘొల్లుమంది. అన్ని దినాల తరవాత ఆ వీధిలో నవ్వు వినబడటం అదే మొదలు. రెండో సంచి గల్లాపెట్టె మీదికి వచ్చి పడింది.

ఆ దినం నుంచి సూరాయమ్మకు ఆ పిల్ల మీద మనసు నిలిచింది. ఇద్దరూ పని చేసేది పక్కపక్క ఇళ్ళలోనే, నడుమ ఒక పిట్టగోడ. సూరాయమ్మ రాజంపేట దగ్గరి మనిషి. వంట చేయడానికి వచ్చి తలకాయ నెరిసింది. యజమానులు వేసవికి లండన్ పోయి అక్కడే చిక్కుకుపోవడంతో, అంత పెద్ద ఇంటికీ, ఇంట్లోని గోధుమపిండి బస్తాలకూ ఆమే దొరసాని అయింది. ఫ్లోరెన్స్‌ది నర్సాపురం పక్క పల్లెటూరు. ఇంటర్ చదివింది. నర్సు కావాలని ఉండేది. తండ్రి పోవడంతో తమ్ముళ్ళను పెంచడానికి కువైట్ వచ్చింది. వచ్చిన నాటి నుంచి చేసిందల్లా ఒక్క మామాకు సేవ. పనిమనుషులు ఇంటి యజమానురాలిని మామా అనడం ఇక్కడి వాడుక. ఆ మామాకు మాట సగమే వచ్చేది, కోపం మాత్రం నిండుగా వచ్చేది. ఆమె అరబ్బీలో తిడితే ఈ పిల్ల తెలుగులో దీటుగా బదులిచ్చేది. ఇద్దరికీ అదే కాలక్షేపం. ఏళ్ళ తరబడి మంచాన ఉన్నా మామా వీపున ఒక్క పుండు లేదు. సూరాయమ్మ నమ్మక, దుప్పటి ఎత్తి చూసి మరీ ఒప్పుకుంది.

యుద్ధానికి ముందే, జూలైలో, నర్సాపురం దగ్గర సిస్టర్లు నడిపే ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగు స్కూలు నుంచి ఫ్లోరెన్స్‌కు దరఖాస్తు వచ్చింది. మీ గురించి, నర్సు కావాలని ఎందుకు అనుకుంటున్నారో, మీ చేతిరాతతో తెలుగులో రాయండి అని అందులో ఉంది. ఎంత రాయాలో మాత్రం చెప్పలేదు. ఈ ఏడు దాటితే వయసు మీరిపోతుంది, ఇక సీటు మాటే ఉండదు. పోస్టాఫీసులు మూతపడ్డాయి. రాయచోటి డ్రైవరు అన్వర్ బాషా మనవాళ్ళను కూడగట్టి ఇండియా విమానాల కోసం జోర్డాన్‌లోని అమ్మాన్ పోయే బస్సు ఎక్కిస్తున్నాడు. శుక్రవారం బస్సులో సూరాయమ్మకు చోటు దొరికింది. రాసిందేదో ఆమె చేతికివ్వాలి, అదొక్కటే దారి.

బుధవారం మధ్యాహ్నం ఫ్లోరెన్స్ తను రాసిన కాగితాల కట్ట పట్టుకుని, మామా మంచం పక్కన కూర్చుని సూరాయమ్మకు చదివి వినిపించడం మొదలుపెట్టింది. ట్యాంకులు వచ్చిన తెల్లవారుజాము, వీధి చివర కాలిన కారు, కొళాయిలో నీళ్ళు ఆగిపోయిన పూట, అన్నీ ఉన్నాయి. పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా పిండి అందించిన సంగతి ఒక కాగితం నిండా ఉంది. అది వింటూ సూరాయమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆ ముక్క ఇంకోసారి సదువు" అంది. ఇంకోసారి చదివించుకుంది.

తరవాతి కాగితం దగ్గర ఏడుపు కాస్తా నవ్వయింది. "'నేను మామా గదిలోనే పడుకుంటాను. రోజూ మామాకు ఒళ్ళు తుడుస్తాను. నన్ను తప్ప ఎవరినీ మామా ముట్టుకోనివ్వరు'" అని చదివింది ఫ్లోరెన్స్.

"ఏం మే! ఇది సిస్టరమ్మలు సదివేదేనా?"

"ఆయ్, ఆళ్ళేనండి. ఏం, బాగోలేదా?"

"పెండ్లి కాని పిల్ల మామ గదిలో పండుకొని, మామకు ఒళ్ళు తుడుస్తాండాదంట! సీటు ఇచ్చేది పక్కన పెట్టు, ఫాదరును పిలిపించి ప్రార్థన చేపిస్తారు నీకు."

ఫ్లోరెన్స్ కాగితం వైపు చూసింది, మంచం వైపు చూసింది. మొహం కందగడ్డలా అయింది. "ఓరి దేవుడా! మన ఊళ్ళో మామంటే మామే కదండీ! ఇక్కడుండి ఉండి అదే మరిచిపోయాను."

"పైగా 'ముట్టుకోనివ్వరు' అంట. 'ముట్టుకోనివ్వదు' అని రాసింటే ఆడమనిషని తెలుస్తుండె. మీ గోదావరోళ్ళ మర్యాద తగలెయ్య! ఒక్క 'రు' పెట్టి కొంప ముంచుకుంటివి."

ఎవరి గురించో తెలియకపోయినా మామా కూడా సగం నోటితో నవ్వింది.

దాన్ని సరిదిద్దబోతే రాత ఇంకా పెరిగింది. మామా అంటే ఎవరో చెప్పాలి. ఎందుకు అలా పిలుస్తారో చెప్పాలి. రియాద్‌లో ఉన్న మామా కూతురు ఎందుకు రాలేకపోతోందో, ఈమెను వదిలి తను ఎందుకు పోలేకపోతోందో చెప్పాలి. సాయంత్రానికి కట్ట ఇంకా లావెక్కింది. సూరాయమ్మకు సంతోషమైంది. బరువున్న రాతకే గౌరవమని ఆమె నమ్మకం. రెండో తరగతిలో ఆగిపోయిన తనకు, ఒకరి బతుకు అంత మందాన కాగితాల్లో పేరుకోవడం పండగలా ఉంది. అందులోనూ తను ఉంది మరి.

గురువారం పొద్దున గోడ మీదుగా ఫ్లోరెన్స్ ఒకే ఒక్క కాగితం అందించింది. అది కూడా ఒక వైపే రాసింది.

"కడమవి యాడ?"

"తీసేశానండి."

"నా పిండి?"

"అదీ తీసేశాను పెద్దమ్మగారూ."

సూరాయమ్మకు ఒళ్ళు మండింది. "ఇంత బతుకు బతికి ఒక్క పేజీనా? మా ఊర్లో మేక తప్పిపోతే రాసే అర్జీ గూడా దీనికంటే పొడుగుంటాది! ట్యాంకులు తీసేస్తివి, కాలిన కారు తీసేస్తివి, ఇంగ నీకు సీటు యాంటికిస్తారు?"

"ట్యాంకులు చూసి ఇస్తే అది జాలి సీటండి. చదివే మూడేళ్ళూ ఆ జాలి మొయ్యాలి. పని తప్పు చేసినా 'పాపం, కువైట్ నుంచి వచ్చింది' అంటారు. అది నాకొద్దు. ఆళ్ళు అడిగింది నా గురించి. ఇరాకోళ్ళ గురించి కాదు."

"నేను గూడా ఇరాకోళ్ళలో కలిసిపోతినా?"

లోపల మామా పిలుస్తుంటే ఫ్లోరెన్స్ పోయింది. సూరాయమ్మ గోడకు ఆనుకుని ఆ కాగితాన్ని తనే కూడబలుక్కుంటూ చదివింది. నిన్నటి కట్ట అయితే ఆమె వల్ల అయ్యేది కాదు. ఇది అయింది.

"మంచాన ఉన్న మనిషిని తరచుగా పక్కకు తిప్పాలి. తిప్పే ముందు చెప్పాలి. మాట రాని మనిషికైనా చెప్పే తిప్పాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, ఒక పెద్దావిడ దగ్గర పని చేస్తూ తెలుసుకున్నాను. నేర్పితే వచ్చేవి ఇంకా ఏమున్నాయో తెలుసుకోవాలని ఉంది." అలా కొంత సాగి, చివర ఇలా ఉంది: "ఇక్కడ యుద్ధం జరుగుతోంది. ఈవిడ కూతురు వచ్చేదాకా నేను కదలలేను. వచ్చిన మర్నాడే బయలుదేరతాను. అంతవరకు ఆగగలిగితే ఆగండి."

సూరాయమ్మ చివరి ముక్క దగ్గర ఆగిపోయింది. బతిమాలినట్టు లేదు, దబాయించినట్టూ లేదు. ఆగకపోతే? ఆ సీటు ఇంకొకరికి పోతుంది, ఈ పిల్ల ఇక్కడే ముసలిదవుతుంది. అది ఫ్లోరెన్స్‌కూ తెలుసు. తెలిసే అంత చిన్నగా రాసింది. కోపం ఎటు పోయిందో సూరాయమ్మకు తెలియలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

శుక్రవారం అన్వర్ బాషా బస్సు వీధి మలుపులో ఆగి హారన్ కొట్టింది. ఫ్లోరెన్స్ రొట్టెల మూట పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఊరెళ్ళాక పోస్టులో వెయ్యకండి పెద్దమ్మగారూ. మీరే తీసుకెళ్ళి ఆళ్ళ చేతికివ్వండి."

"నేనా? నర్సాపురం పక్కకా? ఆ సిస్టరమ్మల ముందర నేనేం మాట్లాడేది?"

"తీసేసినయ్యన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదండీ. ట్యాంకులూ, కారూ, మీ పిండీ."

సూరాయమ్మ మొహం వెలిగింది. బస్సు మెట్టు మీద కాలు పెడుతూనే, ఎక్కడ మొదలుపెట్టాలో, పిండి మాట ఎప్పుడు ఎత్తాలో అప్పుడే మనసులో పేర్చుకోసాగింది. అది కనిపెట్టినట్టు ఫ్లోరెన్స్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆళ్ళు అడిగితేనే చెప్పండి, పెద్దమ్మగారూ. అడక్కపోతే కాగితం ఇచ్చి, నోరెత్తకుండా వచ్చెయ్యండి."