ప్రార్థన చేసిన కూర

పంతొమ్మిది వందల నలభైల చివర్లో నంద్యాలలో పురుగుమందులు పరీక్షించే చోట కుందేళ్లకు మేత వేసేవాణ్ణి. మందు కలిపిన మేత తిని నాలుగు కుందేళ్లు గిలగిలా కొట్టుకుని చచ్చాయి. పూడ్చమని, ఆళ్లగడ్డ సంఘంలో వంటలు చేసే మా చిన్నాన్నకిచ్చాను.

మరునాడు ఆళ్లగడ్డలో ఆరాధన అయ్యాక సంఘమంతా విందుకు కూర్చుంది. స్తుతి ప్రార్థన నేనే చేశాను. కళ్లు తెరిస్తే గోడమీద కుందేలు తోళ్లు, చెవులకు మేం గుర్తుగా పూసిన నీలిరంగుతో సహా ఆరుతున్నాయి.

"చిన్నాన్నా, పూడ్చలేదా?"

"ఇంత కూర మన్నులో యాడ కలిపేదిరా? ప్రార్థన అయిపాయె, ఏం కాదులే!"

ఎవరూ ముద్ద ఎత్తకముందే, విషమని అరిచి కూర గుండిగను తన్నేశాను. ఆకలితో పిల్లలు ఏడ్చారు.

"విశ్వాసం లేనోడు!" అన్నారు పెద్దలు.

నా కళ్లు తెరిపించింది ప్రభువేనని నేను నమ్ముతాను. కానీ ఎవరూ చావలేదు కనుక నా మాట ఎవరూ నమ్మలేదు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.