పిస్టన్ రైఫిల్, పైపు రైఫిల్

ఆ మధ్యాహ్నం షూటింగ్ రేంజ్ షెడ్డులో ఉన్నవి: రెండు రైఫిళ్ళు, ఆరు పెట్టెల తూటాలు, ఒక బల్ల, చప్పుడే తప్ప చల్లదనం లేని ఒక కూలర్. ఉన్నవాళ్ళు: మేనేజర్, అంటే మా ముదీర్, ఆయుధాల టెక్నీషియన్‌గా నేను, తుపాకులు తుడిచే జగిత్యాల అన్న. రెండో క్లీనర్‌కు ఆ రోజు సెలవు.

రెండు రైఫిళ్ళూ పేలుడు గ్యాస్ బలంతోనే తర్వాతి తూటాను ఎక్కించుకుంటాయి. ఒకదానిలో గ్యాస్ సన్నని పైపు గుండా తూటాను లోపలికి తోసే బోల్ట్ దాకా నేరుగా వచ్చి మసి అక్కడే వదులుతుంది. రెండోదానిలో ముందువైపే పిస్టన్‌ను తోసి బయటికి పోతుంది. కొత్తగా ఏ రకం కొనాలో, రెండింటినీ కాల్చి ఏది ఎన్నిసార్లు ఇరుక్కుంటుందో లెక్కపెట్టి తేల్చాలి. మధ్యలో తుడవకూడదు, నూనె వేయకూడదు. పిస్టన్ రకం గెలిస్తే ఒక్క క్లీనర్ చాలునని, అన్న ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, రెన్యువల్ చేయించనని ముదీర్ ముందే చెప్పాడు.

ముందు రోజంతా దుమ్ము తుఫాను. గాలిలో దుమ్ము ఇంకా పిండిలా ఉంది. నేను కాలుస్తున్నాను, అన్న మ్యాగజైన్లు నింపుతున్నాడు. పైపు రైఫిల్ బల్ల మీద పెట్టగానే ఆయన గుడ్డ అందుకుని తుడిచేశాడు. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పిస్టన్ రైఫిల్‌ను తుడిచాడు.

"అన్నా, దాన్నెందుకు తుడుస్తావు? నీకు నష్టం చేసేది అదే కదా."

"ఏదైతేంది తమ్మీ. బల్ల మీద పెడితే చెయ్యి ఆగుతలేదు."

ముదీర్ గుడ్డ లాక్కుని తన జేబులో పెట్టుకున్నాడు. మూడోసారి మొదటినుంచి కాల్చాను. భుజం నొప్పి, కళ్ళలో దుమ్ము. అన్న చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పైపు రైఫిల్ కొంతసేపు బాగానే నడిచింది. తర్వాత బోల్ట్ సగంలో ఆగడం మొదలైంది. కాస్త నూనె పడితే నడుస్తుందని అన్న గొణిగాడు. నిజమే, నేనూ ముదీర్‌కు అదే చెప్పాను. నూనె వేయడానికి మనిషి కావాలి, ఆ మనిషి అవసరమా కాదా అన్నదే ఈ పరీక్ష అన్నాడాయన, విసుగ్గా, హిందీలో.

అర్దియాలోని మా రూములకు తిరిగి వెళ్ళే వ్యానులో అన్న నా పక్కన కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు ఇరుక్కుందో గట్లనే రాస్తవా?"

"రాయాలన్నా."

"రాయి మరి. అర్దియా వచ్చినంక లేపు."

కళ్ళు మూసుకున్నాడు. నేను ఫోన్‌లో ముదీర్‌కు ఫలితం పంపాను. పిస్టన్ రైఫిల్ ఆగింది ఒకసారి. పైపు రైఫిల్ పదకొండు సార్లు.